అడవి తెలిసినవారికి అడవిపై హక్కేది?

ఆస్ట్రేలియా ఉత్తర కొసన, డార్విన్ నగరానికి తూర్పుగా ఆర్నెమ్ ల్యాండ్ అనే విశాలమైన ఆదివాసీ ప్రాంతం ఉంది. దాని పశ్చిమ భాగంలోని రాతి పీఠభూమి విషయంలో 2006లో ఒక విచిత్రమైన ఒప్పందం కుదిరింది. అప్పట్లో డార్విన్ రేవులో సహజవాయువును ద్రవంగా మార్చి ఓడలకెక్కించే కోనోకోఫిలిప్స్ సంస్థ ఏటా సుమారు 10 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల చొప్పున 17 ఏళ్ళపాటు డబ్బు కట్టాలి. అందుకు ప్రతిగా ఆదివాసులు ఏం చేయాలి? అడవికి నిప్పు పెట్టాలి.

నిప్పు పెట్టి ఉద్గారాలు తగ్గించడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడి బినింజ్ ఆదివాసుల లెక్క వేరు. వానలు వెనకపట్టాక, గడ్డిలో పచ్చి పూర్తిగా ఆరకముందే, ముక్కలు ముక్కలుగా చిన్న మంటలు వేస్తారు. అవి నేలబారుగా పాకి, రాత్రి చల్లదనానికి చాలావరకు వాటంతటవే చల్లారిపోతాయి. ఎండలు ముదిరాక పిడుగు వల్లో మనుషుల నిర్లక్ష్యం వల్లో కార్చిచ్చు పుడితే, ముందే కాలిన పట్టీల దగ్గర దానికి కాల్చడానికి ఏమీ దొరకదు. 20వ శతాబ్దం మధ్యలో ఈ జనం మిషనరీ కేంద్రాలకూ పట్టణాలకూ చేరి పీఠభూమి ఖాళీ అయ్యాక చిన్న మంటలు ఆగిపోయాయి. ఎండాకాలం చివర పెద్ద మంటలు మొదలయ్యాయి. బర్దయల్ నజమెరెక్ అనే పెద్దాయన, రాతిబొమ్మల చిత్రకారుడిగా పేరున్నవాడు, 2002లో తనవాళ్ళను వెంటబెట్టుకుని పీఠభూమి మీదికి తిరిగి కాపురం వెళ్ళాడు. ఆ తరం పెద్దలకు తెలిసిన మంటల పద్ధతికి, మంటల్లోంచి వెలువడే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్‌లను కొలిచే శాస్త్రవేత్తల పని తోడై 28,000 చదరపు కిలోమీటర్ల మీద నడిచే పథకంగా మారింది. ఏటా లక్ష టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు తగ్గించడం దాని లక్ష్యం.

వాతావరణ చర్చల్లో ఈ కథ తరచూ వినిపిస్తుంది. అయితే అందులో నిప్పు గురించి ఎక్కువ, నేల గురించి తక్కువ ఉంటుంది. ఆర్నెమ్ ల్యాండ్ 1976 నాటి ఆదివాసీ భూహక్కుల చట్టం కింద వాళ్ళ సొంత భూమి, ఎవరికీ అమ్మడానికి వీల్లేని సామూహిక ఆస్తి. డబ్బు పెట్టదలచిన కంపెనీ వాళ్ళతో ఒప్పందానికి కూర్చోక తప్పలేదు. సంప్రదాయ పద్ధతిలో నిప్పు పెట్టడం అక్కడ నేరం కాదు. గ్యాస్ అమ్ముకునే సంస్థ తన పొగకు ప్రాయశ్చిత్తంగా ఈ డబ్బు కట్టడంలోని వెటకారం ఎలాగూ ఉంది. అది వేరే వ్యాసానికి సరిపడే సంగతి. ఇక్కడ ముఖ్యం, ముందు హక్కు వచ్చింది, ఆ తరవాతే జ్ఞానానికి ధర పలికింది.

ఈ వరస తిరగబడితే ఏమవుతుందో చూడటానికి కర్ణాటక దాకా వెళితే చాలు. చామరాజనగర జిల్లా బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు ఉంటారు. చలికాలం చివర, ఆకులు రాలుతుండగా, నేల మీది ఎండుటాకులను మాత్రమే కాల్చే చిన్న మంటలు వేయడం వాళ్ళ ఆనవాయితీ. 1972 నాటి వన్యప్రాణి చట్టం, దాని వెంట 1974లో అక్కడ వెలిసిన అభయారణ్యం ఆ మంటలను నేరం చేశాయి. తరవాతి దశాబ్దాల్లో లాంటానా పొద అడవిని కమ్మేసింది. జింకలకు గడ్డి తగ్గింది. ఉసిరి చెట్ల మీద బదనిక పెరిగి కాపు దెబ్బతిన్నది. మంటలు ఆపడం వల్లే లాంటానా, బదనిక పెరిగాయని సోలిగ పెద్దలు ఏళ్ళ తరబడి చెప్పుకొచ్చారు. బెంగళూరులోని అట్రీ సంస్థ పరిశోధకులు ఆ మాటను పట్టించుకుని పరిశీలిస్తే అందులో నిజముందని తేలింది. ఈలోగా పొదలు ఎంత దట్టమయ్యాయంటే, ఇప్పుడు పాత పద్ధతిలో చిన్న మంట వేసినా అది చెట్ల తలలకెక్కే ప్రమాదముంది. ఒకప్పుడు పనికొచ్చిన జ్ఞానాన్ని నిషేధించి, దానికి ఆధారమైన అడవినే మార్చేశాక, ఇప్పుడు అదే జ్ఞానం కోసం సదస్సులు పెట్టడం ఎంత ఆలస్యమో ఆ కొండలు చెబుతాయి. 2011 జనవరిలో అక్కడ పులుల అభయారణ్యం వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో 25 గ్రామసభలకు సామాజిక అటవీ హక్కు పత్రాలు అందాయి. దేశంలో పులుల అభయారణ్యం లోపల అలాంటి హక్కులు దక్కడం అదే మొదటిసారి.

ఒక అతిశయోక్తిని ఇక్కడే వదిలించుకోవడం మంచిది. ప్రపంచ జీవవైవిధ్యంలో 80 శాతం ఆదివాసుల భూముల్లోనే ఉందన్న మాట ఐక్యరాజ్యసమితి నివేదికల నుంచి స్వచ్ఛంద సంస్థల కరపత్రాల దాకా ఏళ్ళ తరబడి తిరిగింది. దానికి ఆధారమే లేదని 2024 సెప్టెంబరులో నేచర్ పత్రికలో పరిశోధకులు రాశారు, వారిలో ఆదివాసీ పరిశోధకులూ ఉన్నారు. మెచ్చుకోలుగా పుట్టిన అబద్ధం కూడా చివరికి మెచ్చుకున్నవారికే చేటు. నిలబడే లెక్కలు వేరే ఉన్నాయి. 87 దేశాల్లో కనీసం 3.8 కోట్ల చదరపు కిలోమీటర్ల నేల, అంటే భూతలంలో దాదాపు నాలుగో వంతు, ఆదివాసుల యాజమాన్యంలోనో నిర్వహణలోనో ఉందని 2018లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. అంతకన్నా పదునైనది 2020లో బ్రెజిల్ అమెజాన్ మీద వచ్చింది. 1982 నుంచి 2016 దాకా ఉపగ్రహ చిత్రాలను పరిశీలిస్తే, దేశాధ్యక్షుడి సంతకంతో పూర్తి సామూహిక హక్కు దక్కిన ఆదివాసీ భూముల సరిహద్దు లోపల అడవి నరికివేత గణనీయంగా తగ్గింది. హక్కు ప్రక్రియ మధ్యలో ఆగిపోయిన భూముల్లో అలాంటి తేడా కనిపించలేదు. ఇటూ అటూ మనుషులు ఒకలాంటివారే, వారికి అడవి గురించి తెలిసిందీ ఒకటే. సంతకం ఒక్కటే తేడా.

ఇప్పుడు పారిస్ ఒప్పందం దగ్గరికి వెళితే, 2015 నాటి ఆ పత్రంలో ఆదివాసుల ప్రస్తావన రెండు చోట్ల ఉంది. వాతావరణ చర్యలు తీసుకునేటప్పుడు ఆదివాసుల హక్కులను గౌరవించాలన్న మాట పీఠికలో ఉంది. వారి జ్ఞానాన్ని ఉపయోగించుకోవాలన్న మాట మారుతున్న వాతావరణానికి తట్టుకోవడం గురించిన 7వ అధికరణంలో, అంటే ఒప్పందం కడుపులో ఉంది. హక్కుకు గడప దగ్గర చోటిచ్చి, జ్ఞానాన్ని నట్టింట కూర్చోబెట్టారన్నమాట. ఇది యాదృచ్ఛికం కాదు. జ్ఞానాన్ని ఒప్పుకుంటే ఏ ప్రభుత్వానికీ పైసా నష్టం లేదు. హక్కును ఒప్పుకుంటే గనులు, ఆనకట్టలు, రాబడి అన్నీ ప్రశ్నలోకి వస్తాయి. 2018 కటోవిస్ వాతావరణ సదస్సులో ఏర్పడిన కార్యవర్గంలో ఏడుగురు ప్రభుత్వాల తరఫున, ఏడుగురు ఆదివాసుల తరఫున కూర్చునే పద్ధతి మాత్రం ఒక ముందడుగు. ఐరాస చరిత్రలో అలాంటి సరిసమాన కుర్చీలు అరుదు. అయితే ఆ వర్గం జ్ఞానం పంచుకోవడానికి. భూమి పంచాయితీ తేల్చే అధికారం దానికి లేదు.

భారతదేశం ఈ విషయంలో ఒక తమాషా స్థితిలో ఉంది. 2007లో ఐరాస ఆదివాసీ హక్కుల ప్రకటనకు అనుకూలంగా ఓటు వేసింది. అదే నోటితో, స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ దేశంలో ఉన్న ప్రజలందరూ మూలవాసులేనని వాదిస్తుంది. అందువల్ల అంతర్జాతీయ వేదికల మీద దక్కిన మాటలు ఇక్కడి గూడేలకు నేరుగా దిగిరావు. కానీ అంతర్జాతీయ పత్రాలకన్నా గట్టి చట్టం ఇక్కడే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సాగు భూమికి వ్యక్తిగత పట్టాతో ఆగలేదు. తరతరాలుగా వాడుకుంటున్న అడవిని సామూహికంగా కాపాడుకునే, నిర్వహించుకునే హక్కునూ, జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై సామూహిక మేధా హక్కునూ రాసింది. ఇంకో మంచి మాట నిబంధనల్లో ఉంది. దావాకు సాక్ష్యంగా ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాసుకుని స్వీకరించవచ్చు. పాత శ్మశానం, దేవర ఉండే చోటు, పాత బావి, విడిచిపోయిన ఊరి ఆనవాళ్ళు కూడా సాక్ష్యాలే. జ్ఞాపకాన్ని కాగితంతో సమానం చేసిన చట్టమిది.

ఆచరణలో జరిగింది వేరు. పెద్దాయన మాటకన్నా ఉపగ్రహ చిత్రానికి విలువ ఎక్కువైంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉందా లేదా అన్నది ఆకాశం నుంచి తీసిన బొమ్మలో చూసి దావాలు కొట్టివేసిన రాష్ట్రాలున్నాయి. ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు గానీ వాటి స్థానాన్ని ఆక్రమించకూడదని 2012లో నిబంధనలు సవరించారు. 2013లో గుజరాత్ హైకోర్టూ అదే చెప్పింది. అయినా 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దావాలు తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించాలని ఆదేశించింది. దేశవ్యాప్తంగా ఆ దావాలు పది లక్షలకు పైనే. రెండు వారాల్లో ఆ ఆదేశాన్ని నిలిపివేసింది కాబట్టి సరిపోయింది. వాతావరణ సదస్సులో అతిథిగా మాట్లాడితే చప్పట్లు కొట్టించుకునే వృద్ధుడి మాట, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయంలో దావా కాగితాల మధ్య సాక్ష్యంగా నిలవడం లేదు.

తెలుగునాట ఈ గొడవ వాతావరణ సదస్సులకన్నా చాలా పాతది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును కట్టడి చేసింది. 1922-24 మన్యం పోరాటం వెనక ఆ కట్టడి మీద కసి ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించాక, నిజాం ప్రభుత్వమే మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల స్థితిగతులు అధ్యయనం చేయించింది. పోడు గురించి ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. కొండవాలు మీద కొర్ర, సామ, చోడి, కంది కలిపి చల్లి, రెండు మూడు పంటల తరవాత నేలను ఏళ్ళకేళ్ళు బీడు వదిలినప్పుడు అది అడవితో కలిసి బతికే సేద్యం. జనం పెరిగి, చుట్టూ అడవి మూతపడి, బీడు కాలం కుదించుకుపోయాక అది నేలను నీరసపరుస్తుంది. ఆ కుదింపుకు ఆదివాసి ఒక్కడే కారణమా అన్న ప్రశ్న వేయకుండా పోడును నిందించడం తేలిక.

తెలంగాణలో 2023 జూన్ 30 నుంచి సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచారు. చిన్న విషయం కాదు. కానీ అవి వ్యక్తిగత సాగు పట్టాలు. చేను దక్కింది, చేను చుట్టూ ఉన్న అడవిని ఎప్పుడు కాల్చాలో, ఎక్కడ కోయకూడదో, ఏ వాగు మీద ఎవరు చేపలు పట్టాలో నిర్ణయించే సామూహిక హక్కు దక్కలేదు. వాతావరణ న్యాయం పేరిట అందరూ మాట్లాడుకునే జ్ఞానం ఉండేది ఆ రెండోదానిలోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలినాళ్ళలో ఇచ్చిన సామాజిక పత్రాలు చాలావరకు గ్రామసభల పేరిట కాక, అటవీశాఖ చేతికింది వన సంరక్షణ సమితుల పేరిట వెళ్ళాయి. అంటే శాఖ తనకు తానే పట్టా ఇచ్చుకున్నట్టయింది.

ప్రాణహిత దాటి గడ్చిరోలికి వెళితే మెంఢా లేఖా అనే గోండు పల్లె ఉంది. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద ఆ గ్రామసభకు సామాజిక హక్కు దక్కింది. అయినా వెదురు రవాణాకు అనుమతి చీటీలు అటవీశాఖ ఇవ్వనంది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఊరికి వెళ్ళి ఆ చీటీల పుస్తకం గ్రామసభ చేతికి ఇప్పించాల్సి వచ్చింది. అక్కడి నుంచి ఎంత వెదురు కొట్టాలో, ఏ ప్రాంతాన్ని ఖాళీగా వదలాలో గ్రామసభే తేల్చుకుంటోంది. చట్టం ఒక్కటే చాలదు, చీటీల పుస్తకం కూడా కావాలి.

ఇంతవరకు అడవి సంగతి. వాతావరణ మార్పును ఎదుర్కొనే పేరుతోనే ఆదివాసుల నేల పోయే కొత్త దశ ఇప్పుడు నడుస్తోంది. దాని గురించి తెలుగు పత్రికల్లో చర్చ తక్కువ. నార్వేలోని ఫోసెన్ ద్వీపకల్పంలో సామీ ఆదివాసులు రెయిన్‌డీర్‌లను మేపుకుంటారు. వాళ్ళ శీతాకాలపు మేత భూముల్లో 151 గాలిమరలు నిలబెట్టారు. 2021 అక్టోబరు 11న ఆ దేశ సుప్రీంకోర్టు, ఆ అనుమతులు ఆదివాసుల సాంస్కృతిక హక్కును ఉల్లంఘించాయని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. మరలు ఆగలేదు. 500 రోజులు గడిచాక 2023లో యువ సామీ కార్యకర్తలు ఓస్లోలో మంత్రిత్వశాఖల గుమ్మాలకు అడ్డంగా కూర్చున్నారు. వాతావరణ ఉద్యమకారిణి గ్రేటా థన్‌బర్గ్ వాళ్ళ పక్కన కూర్చుంది. అదే సంవత్సరం చివర, మరుసటి ఏడాది మొదట్లో నష్టపరిహారాలు, మరోచోట మేత భూమి వంటి ఒప్పందాలు కుదిరాయి. మరలు ఇంకా తిరుగుతున్నాయి. బొగ్గు మానేయమని పోరాడిన వాళ్ళే స్వచ్ఛ విద్యుత్తుకు ఎదురు నిలవాల్సి వస్తే, ఎవరిది న్యాయం? ఫోసెన్ తీర్పు ఇచ్చిన జవాబు సూటిగా ఉంది: రెయిన్‌డీర్ కాపరులకు తక్కువ నష్టం కలిగే ప్రత్యామ్నాయాలను ఎంచుకుని కూడా స్వచ్ఛ విద్యుత్తు తీయవచ్చు.

అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలానికి ఈ ప్రశ్న ఇప్పుడు చేరింది. ఈ మండలం పేరు దేశ న్యాయ చరిత్రలో ఇదివరకే ఉంది. బొర్రా పరిసరాల్లో గిరిజన భూముల్లో కాల్సైట్ గనుల లీజులపై సమత సంస్థ వేసిన వ్యాజ్యంలో 1997 జులైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి ఇవ్వరాదన్న నియమం ప్రభుత్వానికీ వర్తిస్తుందని తేల్చింది. అదే మండలంలోని పెదకోటలో ఇప్పుడు పంప్డ్ స్టోరేజ్ జలవిద్యుత్ ప్రాజెక్టు ప్రతిపాదన ఉంది. పగలు సౌరవిద్యుత్తు మిగిలినప్పుడు నీటిని కొండపై జలాశయానికి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి ఇది. సౌరవిద్యుత్తు పెరిగేకొద్దీ ఇలాంటి నిల్వ అవసరం కూడా పెరుగుతుంది, అది కాదనలేని నిజం. అందుకు కావలసిన ఎత్తూ పల్లమూ నీరూ తూర్పు కనుమల్లో ఉన్నాయి, అక్కడే గూడేలూ ఉన్నాయి. మన్యంలో గిరిజనులు వ్యతిరేకిస్తున్నది విద్యుత్తును కాదు, తమను అడగకుండా జరిగే సర్వేలను. 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు వరసగా బాక్సైట్ గని వద్దన్నప్పుడు దేశం విన్నది. కరెంటు కోసం అడిగితే కూడా అలాగే వినాలి కదా.

వినే అవకాశాన్ని చట్టమే తగ్గిస్తోంది. 2022 అటవీ సంరక్షణ నిబంధనలకు ముందు, అటవీ భూమిని ప్రాజెక్టుకు మళ్ళించే ముందే గ్రామసభ సమ్మతి తేలాల్సి ఉండేది. కొత్త నిబంధనలు ఆ బాధ్యతను కేంద్రం తుది ఆమోదం ఇచ్చాక రాష్ట్రం చూసుకునే పనిగా మార్చాయి. జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్ అభ్యంతరం చెప్పినా లెక్కలోకి రాలేదు. కేంద్రం ఒప్పుకుని, కంపెనీ డబ్బు కట్టేశాక, గ్రామసభ కాదంటే ఏ జిల్లా అధికారి ఆ కాగితాన్ని పైకి పంపగలడు?

పోయిన అడవికి బదులు నాటే మొక్కలకు కూడా ఎక్కడో నేల కావాలి. ఆ నేల తరచు పోడుభూమో, ఊరి పశువులు మేసే బయలో అవుతోంది. 2023 గ్రీన్ క్రెడిట్ పథకం ‘క్షీణించిన’ అటవీ భూమిలో చెట్లు నాటినవారికి క్రెడిట్లు ఇస్తానంటోంది. కాగితం మీద క్షీణించిన భూమి అనేది గూడెం వాళ్ళకు ఇప్పపువ్వు ఏరుకునే చోటు కావచ్చు. ఈ రాపిడి ఎంత ప్రమాదకరమో తెలంగాణకు తెలుసు. 2019 జూన్‌లో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా సార్సాల దగ్గర మొక్కలు నాటించడానికి వెళ్ళిన అటవీ రేంజ్ అధికారిణిపై దాడి జరిగింది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మరో రేంజ్ అధికారి ప్రాణమే పోయింది. ఆ హింసను ఏ హక్కు పేరుతోనూ సమర్థించలేం. హద్దులు తేల్చకుండా కింది ఉద్యోగిని మొక్కలతో పంపిన పైవాళ్ళ నిర్లక్ష్యాన్నీ మాట్లాడకుండా వదలలేం.

డబ్బు ముచ్చట క్లుప్తంగా చెప్పొచ్చు. 2021 గ్లాస్గో సదస్సులో ప్రభుత్వాలూ దాతృత్వ సంస్థలూ కలిసి ఆదివాసుల భూహక్కుల కోసం 170 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. మొదటి ఏడాది పంచిన దాంట్లో నేరుగా ఆదివాసీ సంస్థలకు చేరింది 7 శాతమే; మిగతాది మధ్యవర్తుల ద్వారా నడిచింది. 2025 నవంబరులో బెలెమ్ సదస్సులో బ్రెజిల్ ప్రారంభించిన ఉష్ణమండల అడవుల నిధి, చెల్లింపుల్లో కనీసం 20 శాతం ఆదివాసులకూ స్థానిక సమాజాలకూ వెళ్ళాలని నియమం పెట్టుకుంది. ఆ 20 శాతం ఎవరి ఖాతాలో పడాలన్నా, ముందు ఆ అడవి ఎవరిదో రాసిన కాగితం ఉండాలి.

2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ, పులుల ముఖ్య ఆవాసాల్లో మిగిలిన 591 గ్రామాలను, 64,801 కుటుంబాలను తరలించే పనికి గడువు పెట్టుకోవాలని 19 రాష్ట్రాలకు రాసింది. తెలంగాణ వైపు నల్లమలలోని అమ్రాబాద్ చెంచు పెంటల (గూడేల) మీద ఈ తరలింపు నీడ ఎప్పటి నుంచో ఉంది. 2019లో ఆ అడవికి యురేనియం ముప్పు వచ్చినప్పుడు ఊళ్ళతో పాటు శాసనసభ కూడా వద్దని తీర్మానించింది. అడవిలో మంటలు కనిపెట్టడానికి, పులి జాడ పట్టడానికి అటవీశాఖ చెంచులనే వాచర్లుగా పెట్టుకుంటుంది. వాళ్ళకు తెలిసినంతగా ఆ అడవి మరొకరికి తెలియదన్నది శాఖ స్వయంగా ఒప్పుకున్న సంగతి. పెంట కదలాలంటే ముందు అక్కడివారి హక్కులు గుర్తించి పత్రాలిచ్చే పని పూర్తి కావాలి, వన్యప్రాణులతో కలిసి ఉండటం సాధ్యం కాదని తేలాలి, గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. 2006 చట్టంలో నాలుగో సెక్షన్ ఈ మూడింటినీ వరసగా రాసిపెట్టింది. అమ్రాబాద్‌లో మొదటి పని ఏ పెంటలో ఎంతవరకు జరిగిందో జిల్లా యంత్రాంగం బయటపెట్టాకే రెండోదాని గురించి మాట్లాడాలి.